ఇంటిపట్టున: దండెం, గూడు, అమ్మ ట్రంకుపెట్టె

కిందటి నెల ఈ శీర్షిక కనిపించలేదేమని ఇద్దరు ముగ్గురు పాఠకులు సంఘం మెట్ల మీద మమ్మల్ని నిలవేశారు. ఎడమచేతి బొటనవ్రేలికి కట్టు కట్టుకొని, కుడిచేత్తో ఆఫీసు ఫైళ్ళు మోసే మనిషికి రాత వెనకబడటం వింతగాదు. ఆ కట్టు కథే ఈ నెల వ్యాసం. సారాంశం ముందే చెబుతున్నాము: మాబోటి గుమాస్తా, ఉలి పట్టి ఎరగని వాడు, తన ఇంట్లో బట్టల బీరువా తానే కట్టుకోవచ్చును. కాని రంపం కంటె ముందు టేపు పట్టుకోవాలి. టేపు కంటె ముందు ఇంట్లోవాళ్ళ మాట వినాలి. మేము రెండూ ఆలస్యంగా చేశాము.

మా ఇల్లు మత్తికెరెలో రెండు గదుల పాత ఇల్లు. మా నాయన పోయిన మూడేళ్ళకు, హిందూపురం దగ్గర ఊళ్ళో ఇంటికి తాళం వేసి, అమ్మ మా దగ్గరకు వచ్చింది. వచ్చేటప్పుడు ఒక ట్రంకుపెట్టె తెచ్చుకొన్నది. దాన్ని మంచం కిందకు తోశాము. ఎనిమిది నెలలు అది అక్కడే ఉన్నది. రోజూ తెల్లవారి స్నానానికి పోయేముందు అమ్మ మోకాళ్ళ మీద వంగి, ఆ పెట్టెను ఈడ్చి, చీర తీసుకొని, మళ్ళీ లోపలికి తోసేది. ఆ కీచుమనే చప్పుడు విని మేము పక్కకు ఒత్తిగిలి పడుకొనేవాళ్ళము. డెబ్భై నాలుగేళ్ళ మనిషి అట్లా వంగుతున్నదే అన్న ఆలోచన ఎనిమిది నెలలూ మాకు రాలేదు. సిగ్గుపడి చెబుతున్న మాట ఇది.

ఒకనాటి రాత్రి మా ఇంటావిడ అన్నది: "ఏమండీ, అత్తయ్య దసరాకు హిందూపురం పోయి అక్కడే ఉండిపోతానంటున్నారు."

"ఎందుకట?"

"'నాకు చోటు లేకగాదమ్మా, నా పెట్టెకు చోటు లేదు' అన్నారు."

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

మరునాడు ఇంటి అలంకరణ పనులు చేసే కంపెనీ మనిషిని పిలిపించాము. ఆయన గోడకు ఎర్రదీపం గల యంత్రమొకటి చూపి, ఫోనులో రంగురంగుల బొమ్మ తీసి, "ఒక లక్షా పదివేలు సార్, జీఎస్టీ వేరే" అన్నాడు. కాఫీ ఇచ్చి పంపించాము. ఆ కాఫీ మాత్రం మా లెక్కలో పడింది.

తక్కినది చెప్పేముందు రెండు మాటలు. బట్టలు దాచుకోవడం మనకు కొత్త విద్య గాదు. మన తాతల ఇళ్ళలో చిలకకొయ్యలుండేవి, దండేలుండేవి, గోడలో గూళ్ళుండేవి. కలిగినవాళ్ళకు భోషాణం ఉండేది. బీరువా, అలమార తరవాత వచ్చినవి. అలమార అన్న మాట పోర్చుగీసువాళ్ళ 'అర్మారియో' నుంచి వచ్చింది. బీరువా అన్నది ఫ్రెంచివాళ్ళ 'బ్యూరో' అంటారు. గోద్రెజ్ వారు 1923లో ఉక్కు బీరువాలు అమ్మడం మొదలుపెట్టిన తరవాత, క్రమంగా అది పెళ్ళిసారెలో ఒక భాగమయింది. ఇప్పుడు కంపెనీలవాళ్ళు పెద్ద పేర్లు పెట్టి అమ్మే సరుకులో ఉన్నవేమిటి? హాంగర్లు వేలాడే కడ్డీ, అది మన దండెం. పలకలు, అవి మన గూళ్ళు. కొక్కేలు, అవి చిలకకొయ్యలు. అన్నీ ఒకచోట చేర్చి, మన ఇంటి కొలతకు, మన బట్టల లెక్కకు అమర్చడమే అందులోని విద్య.

మా పడకగది గోడలో, తలుపుల్లేని ఖాళీ గూడు ఒకటి ఉన్నది. దాని నెత్తిన ఏడడుగుల ఎత్తున కడపరాతి అటక. ఈ ఊళ్ళో పాత ఇళ్ళన్నిటిలోనూ ఈ నల్లరాయి కనిపిస్తుంది. కన్నడంవాళ్ళు కూడా 'కడప కల్లు' అనే అంటారు. మనవైపు నాపరాయి మనకంటె ముందే బెంగుళూరు వచ్చి గోడల్లో స్థిరపడిపోయింది. ఆ గూటిలో ఇన్నాళ్ళూ పాత పత్రికలూ, విరిగిన ఫ్యానూ, పిల్లల చిన్ననాటి సైకిలూ ఉండేవి.

మొదటి ఆదివారం మేము చేసిన ఘనకార్యం వినండి. ఎస్.పి. రోడ్డుకు పోయి అయిదడుగుల ఉక్కు కడ్డీ, రెండు బిళ్ళలు, నాలుగు మరలు కొన్నాము. పొరుగువారి డ్రిల్లు అడిగి తెచ్చి, గూటి రెండు పక్కల గోడలకూ చిల్లులు వేసి, మరలు బిగించి, కడ్డీ తగిలించాము. ఇంటిల్లిపాదీ బట్టలు దాని మీద వేలాడదీశాము. గంట పని! నూటికి నూరు మార్కులు వేసికొని పడుకొన్నాము.

రాత్రి రెండు గంటలకు కొండ విరిగినట్టు చప్పుడయింది. లైటు వేసి చూస్తే, కడ్డీ ఒక చివర గోడనుంచి ఊడి, బట్టల బరువుతో వచ్చి అమ్మ మంచం పక్కనే పడింది. ఆ పూట పెట్టెలో ఏదో వెతికి, దాన్ని మంచం కిందకు తోయకుండా పక్కనే వదిలింది అమ్మ. కడ్డీ కొన ఆ పెట్టె మూత మీద పడి రేకు సొట్టబోయింది. పెట్టె లేకపోతే అమ్మ చెయ్యి ఉండేది అక్కడ.

అమ్మ లేచి కూర్చొని, సొట్టను వ్రేళ్ళతో తడిమి, "పెట్టె అడ్డం ఉండబట్టి సరిపోయింది నాయనా, పడుకో" అన్నది. ఒక్క మాట ఎక్కువ అనలేదు. అన్నా బాగుండేది.

మా వీధి చివర వడ్రంగం చేసే ఆచారిగారున్నారు. తెలుగు అర్థమవుతుంది, కన్నడంలో జవాబిస్తారు. తెల్లవారి వచ్చి చిల్లులో వ్రేలు పెట్టి చూచి, "ఏన్ స్వామీ, మీరు మర బిగించింది గోడకు కాదు, గోడ మీది సున్నానికి" అన్నారు. పాత గోడల మీద పూత అంగుళం మందం దాకా ఉంటుంది. మేము వేసిన చిల్లు ఆ పూతలోనే ముగిసింది. ఇటుకను తాకనే లేదు. బరువు పడగానే పూత పెళ్ళుగా ఊడి వచ్చింది. డ్రిల్లు వేసేటప్పుడు రాలే పొడి రంగు చూడమన్నారు. తెల్లపొడి వస్తున్నంతసేపూ అది పూత. ఎర్రపొడి వస్తే ఇటుక. ఎర్రపొడి మొదలయిన తరవాత ఇంకా ఒకటిన్నర, రెండంగుళాలు పోవాలి. రెండు ఇటుకల నడిమి సందులో పడితే మరో చోటు చూచుకోవాలి.

చిల్లులో దోపే ప్లాస్టిక్కు గొట్టం ఉన్నదే, రావల్‌ప్లగ్గు, దాని కథ కూడా చెప్పుకోదగ్గదే. 1911 ప్రాంతంలో లండనులో జాన్ రాలింగ్స్ అనే కంట్రాక్టరు, బ్రిటిష్ మ్యూజియం గోడలు పాడుగాకుండా సామాను బిగించవలసి వచ్చి కనిపెట్టాడట. అంతకుముందు గోడ తొలిచి, చెక్కముక్క దిగగొట్టి, దానికి మర వేసేవాళ్ళు. మర లోపలికి పోయేకొద్దీ ప్లగ్గు ఉబ్బి ఇటుకను కరచుకొంటుంది. కరచుకొనేందుకు ఇటుకంటూ ఉండాలి గదా! అది మేము మరచిన సంగతి.

ఆచారిగారు మరొక మాట అన్నారు: "బరువు గోడకు వేలాడదీయకండి, నేల మీద నిలబెట్టండి. గోడ పట్టుకొంటే చాలు, మోయనక్కరలేదు." తక్కిన పని అంతా ఈ ఒక్క వాక్యం మీద నడిచింది. పలకలు నిలువుగా నేల మీద నిలుస్తాయి; గోడకు వేసే మరలు అవి ముందుకు ఒరగకుండా మాత్రమే. ఇది చిన్న సంగతి గాదు. సొరుగుల బీరువాలు పిల్లల మీదకు ఒరిగి ప్రాణాలు పోయినందున, 2016లో అమెరికాలో ఐకియా వారు సుమారు 2 కోట్ల 90 లక్షల బీరువాలను వెనక్కు పిలిచారు. గోడకు బిగించని బీరువా సొరుగులన్నీ ఒక్కసారి లాగి, పిల్లవాడు మెట్లలాగా ఎక్కితే చాలు, బరువంతా ముందుకు వస్తుంది. మన ఇళ్ళలో ఎన్ని బీరువాలు గోడకు బిగించి ఉన్నాయో ఈ పూటే లేచి చూచుకోండి.

రెండో ఆదివారం రంపం ముట్టలేదు. మా చేతికి అలవాటయిన పనిముట్టు తీశాము: రిజిస్టరు. ఇంట్లో గుడ్డ గుడ్డా లెక్క వ్రాశాము. మా చొక్కాలు పద్ధెనిమిది. అందులో తొడిగేవి ఎనిమిది. తక్కినవి 'పొట్ట తగ్గితే తొడుగుదాము' అనే ఖాతాలోవి. అమ్మాయివీ, అబ్బాయివీ కలిసి ఒక గుట్ట. మా ఇంటావిడ చీరలు ముప్పై ఒకటి. అమ్మవి ఏడు. ఏడే! ఏడు చీరలకు చోటు చూపించలేక ఎనిమిది నెలలు గడిపాము.

తొడగని వాటిని మూటగట్టి ఇచ్చివేసిన తరవాతే కొలతలకు దిగాము. ఈ వరుస ముఖ్యం. పనికిరాని బట్టలకు గూడు కట్టడం, రాని చుట్టానికి విస్తరి వేయడం వంటిది. హాంగరు ఒక్కొక్కటి అంగుళంన్నర చోటు తింటుంది. ఇరవై ఎనిమిది అంగుళాల కడ్డీ మీద పద్ధెనిమిది పడతాయి. హాంగరు అడ్డంగా పదిహేడు, పద్ధెనిమిది అంగుళాలుంటుంది గనుక గూడు లోతు ఇరవై రెండంగుళాలకు తగ్గితే భుజాలు తెరకో తలుపుకో రాసుకొంటాయి. చొక్కాలకు కడ్డీ కింద మూడడుగుల నాలుగంగుళాలు వదిలితే చాలు.

ఇక గూటి కొలత. పాత గోడలు ఎన్నడూ తిన్నగా ఉండవు. పైన, నడుమ, కింద మూడుచోట్లా కొలవాలి. మా గూడు పైన 1512 మి.మీ., నడుమ 1500, కింద 1506. లెక్కకు చిన్నదాన్నే తీసుకోవాలి. అందులోంచి ఇంకో 10 వదిలితే 1490. లోతు 560. ఎత్తు అటకదాకా 2130. రసమట్టం పెట్టి చూస్తే నేల కూడా ఒకవైపుకు వాలి ఉన్నది. అడుగులూ అంగుళాలూ కాకుండా మిల్లీమీటర్లలో ఎందుకంటే, ప్లైవుడ్డు కోసే దుకాణంలో వాళ్ళ మిషనుకు ఆ భాషే తెలుసు.

ప్లైవుడ్డు మాటకు వస్తే, పలక ఎనిమిదడుగులు, నాలుగడుగులు. బట్టల బీరువాకు 18 మి.మీ. మందం సరిపోతుంది. పలక మీద ఐ.ఎస్.ఐ. ముద్రా, దాని కింద అంకె చూడండి. 303 అన్నది మామూలు వాడకానికి. 710 అన్నది నీటికి బాగా ఓర్చుకొనే రకం. మామూలు రకంలో జిగురు తడికి విడిపోవచ్చు. 710లో జిగురు ఉడకబెట్టినా పట్టు వదలనిది. వర్షకాలం బెంగుళూరు గోడల చెమ్మ తెలిసినవాళ్ళకు ఇంతకంటె చెప్పనక్కరలేదు. కొత్త పలకల వాసన కళ్ళు మండిస్తుంది. అది జిగురులోని ఫార్మాల్డిహైడు. బట్టలు సర్దేముందు వారం పది రోజులు కిటికీలు తెరచి ఆరనివ్వాలి. కొయ్య మీద ఆసక్తి కలవారికి మరొక మాట: మల్లేశ్వరం 18వ క్రాసులో కొయ్య పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ ఉన్నది. మైసూరు సంస్థానం రోజుల్లో 1938లో అటవీ పరిశోధనశాలగా మొదలయింది. మేము దాని గోడ పక్కన రోజూ బస్సులో పోతూ ఇరవై ఏళ్ళు లోపల ఏమి చేస్తారో ఆలోచించనే లేదు.

పలక పొడవు సంగతి. అర మరీ పొడుగయితే నడుమ కుంగుతుంది. అదే బరువు మోసే పలక పొడవు రెట్టింపు చేస్తే కుంగుడు ఎనిమిదింతలవుతుంది. మందం రెట్టింపు చేస్తే ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. అందుచేత అయిదడుగుల గూటికి నడుమ ఒక నిలువు పలక తప్పదు. ఎడమ పక్కన ఒకటి, కుడి పక్కన ఒకటి, నడుమ ఒకటి, మొత్తం మూడు నిలువు పలకలు. అడ్డపలకలు తొమ్మిది.

ఇక్కడే రెండో తప్పు చేశాము. 1490ని రెండుతో భాగించి, అడ్డపలకలు 745 చొప్పున కోయించి, టెంపో ఆటోలో వేసుకొని తెచ్చాము. నిలువు పలకలు మూడింటి మందం, మూడు పద్ధెనిమిదులు యాభై నాలుగు, తీసివేయడం మరచాము. 1436ని రెండుతో భాగిస్తే 718. ప్రతి పలకా 27 మి.మీ. పొడుగు! ఇరవై రెండేళ్ళుగా ఇతరుల కూడికలు దిద్దుతున్న చెయ్యి ఇది.

పొడుగయిన పలక కోయవచ్చు, పొట్టిదయితే అతికించలేము, అదే అదృష్టం. అయినా మళ్ళీ ఆటో ఖర్చెందుకని ఆ రాత్రి చేతిరంపంతో మొదలుపెట్టాము. మూడో పలక దగ్గర రంపం జారి బొటనవ్రేలు పట్టింది. నాలుగు కుట్లు. పాఠకులకు శీర్షిక లేదు. మా ఇంటావిడ డాక్టరు దగ్గరనుంచి తిరిగి వస్తూ, "ఆటోకు ఎంతవుతుందన్నారు?" అని మాత్రం అడిగింది. తక్కిన ఆరు పలకలూ దుకాణం మిషనులోనే కోసుకు వచ్చాయి. మీరు చేయదలిస్తే, కోత అంతా దుకాణంలోనే చేయించండి. చేతిరంపం చెక్కకు తిన్నగా పోవడానికి ఏళ్ళు పడుతుంది.

కట్టు విప్పిన తరవాత పని మొదలయింది. ఈసారి అబ్బాయి టేపు పట్టాడు, అమ్మాయి రసమట్టం పట్టింది, అమ్మ ముక్కాలిపీట మీద కూర్చొని చూచింది.

మొట్టమొదట కడపరాతి ముక్కలు. నిలువు పలకల కింద ఒక్కొక్కటి 20 మి.మీ. మందం రాతిపట్టీ పరిచాము. ఇది ఆచారిగారి సలహా. మన ఇళ్ళలో రోజూ నేల తుడుస్తాము; ఆ నీళ్ళు ప్లైవుడ్డు అంచు పీల్చుకొని ఏడాదిలో ఉబ్బుతుంది. రాయి పీల్చదు. వాలుగా ఉన్న నేలను కూడా అక్కడే సరిచేశాము. పలక 2100, రాయి 20, మొత్తం 2120. అటకకింద పది మిల్లీమీటర్లు మిగిలింది.

రెండోది, అడ్డపలకలు నిలిపే చిల్లులు. పలకలను మేకులతో శాశ్వతంగా కొట్టివేయకుండా, చిన్న ఉక్కు పిన్నుల మీద నిలిపితే రేపు ఎత్తు మార్చుకోవచ్చు. ఐరోపావాళ్ళు 5 మి.మీ. చిల్లులు 32 మి.మీ. ఎడంతో వేసే పద్ధతి పెట్టుకొన్నారు. బజారులో దొరికే సామాను చాలావరకు దానికే కుదురుతుంది. రెండు పక్కల చిల్లులూ ఒకే ఎత్తున రాకపోతే అర ఉయ్యాల ఊగుతుంది. ఉపాయం ఒకటే: ఒక సన్నని చెక్కపట్టీకి చిల్లులు సరిగ్గా వేసి, దాన్నే అచ్చుగా ప్రతి పలకమీదా పెట్టి వేయాలి. అచ్చు కింది కొసకు బాణం గుర్తు వేయండి. తలకిందులుగా పెట్టినవాళ్ళు చెబుతున్నారు, వినండి.

మూడోది, ఒరగకుండా గోడకు బిగించడం. ఎల్ ఆకారపు ఇనుప పట్టీలు, ప్రతి నిలువు పలకకూ పైన ఒకటి, నడుమ ఒకటి. ఎర్రపొడి వచ్చేదాకా డ్రిల్లు. మా అబ్బాయి "నాన్నా, ఎరుపు!" అని ప్రతిసారీ కేకవేశాడు. గోడకూ పలకకూ మధ్య మిగిలిన సందుల్లో సన్నని చెక్కచీలికలు దోపాము. అంచులకు బీడింగు అతికించి, గరుకు కాగితంతో రుద్ది, రెండు పూతలు వార్నీషు. అతికించడానికి 1959నుంచి మన దేశంలో ఫెవికాల్ ఉన్నది గనుక, చర్మాలూ ఎముకలూ ఉడికించి తీసే వెనకటి బంక వాసన మనకు తప్పింది.

విప్పి తెచ్చుకొని ఇంట్లో బిగించుకొనే సామాను వ్యాపారం ప్రపంచంలో పెద్దదయిన వైనం సరదాగా ఉంటుంది. 1956లో స్వీడనులో ఐకియా ఉద్యోగి గిల్లిస్ లుండ్‌గ్రెన్, బల్ల కారులో పట్టకపోతే దాని కాళ్ళు ఊడదీశాడు. ఆ కంపెనీ 2018లో హైదరాబాదులోనూ, 2022లో మన నాగసంద్రలోనూ దుకాణాలు తెరిచింది. మేమూ పోయి చూచి వచ్చాము. తప్పకుండా చూడదగ్గవే, కొలతలూ, అమరికా అక్కడ ఊరికే నేర్చుకోవచ్చును. కాని తయారు బీరువా గూటి పక్కన నాలుగంగుళాల సందు మిగిలిస్తుంది. చిన్న ఇంట్లో నాలుగంగుళాలు అంటే ఒక మనిషి దుప్పట్లు.

ఖర్చు వివరం: ప్లైవుడ్డు మూడు పలకలు, 96 చదరపు అడుగులు, మేము కొన్న ధర అడుగు 110 చొప్పున 10,560 రూపాయలు. కోత, బీడింగు 1,400. కడ్డీ, పిన్నులు, పట్టీలు, మరలు 2,350. వార్నీషు వగైరా 1,900. ఆటో 600, రెండుమార్లూ కలిపి. మొత్తం 16,810. కుట్లు వేసినందుకు డాక్టరుకు ఇచ్చినది ఇందులో చేర్చలేదు. అది అహంకారం ఖాతా. తలుపులు పెట్టలేదు. మా ఇంటావిడ నూలుచీరతో తెర కుట్టింది. గాలి ఆడుతుంది, చెమ్మ పట్టదు.

ఎవరి అర ఎక్కడ అన్నప్పుడు మేము రూళ్ళకర్రతో బయలుదేరాము. మా ఇంటావిడ రూళ్ళకర్ర లాక్కొని, అమ్మను గూటి ముందు నిలబెట్టి, "అత్తయ్యా, చెయ్యి ఊరికే చాపండి, ఎత్తకుండా" అన్నది. చెయ్యి ఎక్కడ ఆగిందో అక్కడ పెన్సిలుతో గీత గీసింది. ఆ గీత దగ్గర పలక అమర్చాము. మోకాలికి పైన, భుజానికి కింద ఉన్న అరలు పెద్దవాళ్ళవి, కిందివి పిల్లలవి, అందనంత పైవి మావి. ఇంతకంటె మంచి కొలత ఏ కంపెనీ యంత్రమూ తీయదు.

సర్దేటప్పుడు నాలుగు జాగ్రత్తలు. పట్టుచీరలు ఇనుప హాంగరుకు వేయకండి. నూలుగుడ్డలో చుట్టి అరలో పెట్టండి. మూడు నాలుగు నెలలకోసారి మడత మార్చకపోతే జరీ మడత దగ్గర విరుగుతుంది. కలరా ఉండలు పట్టుకూ జరీకీ తగలనీయకండి. పసిబిడ్డల బట్టల్లో అసలే వేయవద్దు; కొందరు పిల్లలకు పుట్టుకతో ఉండే లోపంవల్ల ఆ వాసనకే రక్తకణాలు పగిలి కామెర్లు వస్తాయి. ఎండిన వేపాకు, వసకొమ్ము మన పెద్దలు వాడినవే. తడి ఆరని బట్ట ఒక్కటి పెట్టినా అరంతా బూజు పడుతుంది.

అమ్మ తన ట్రంకుపెట్టె తెరిచి, ఏడు చీరలూ ఒక్కొక్కటే తెచ్చి అరలో పెట్టుకొన్నది. ఏడు చీరలూ సర్దిన తరవాత ఇంకా సగం అర ఖాళీగా ఉన్నది. కాసేపు ఆలోచించి, పెట్టె అడుగునుంచి మా నాయన పంచెల చాపు, ఉత్తరీయం తీసి ఆ ఖాళీలో పెట్టింది. అవి ఆమె దగ్గర ఉన్నాయనే మాకు తెలియదు. ఊళ్ళోనే ఎవరికో ఇచ్చివేసి ఉంటుందనుకొన్నాము.

"ఇవి గాలికి ఉంటే మంచిది నాయనా, పెట్టెలో ముక్కిపోతున్నాయి" అన్నది అమ్మ. మేము తెర సరిచేస్తున్నట్టు అటు తిరిగాము.

దసరాకు అమ్మ హిందూపురం పోయింది. బస్సు ఎక్కించేటప్పుడు చేతిలో రెండు చీరల సంచీ మాత్రమే ఉన్నది. పెట్టె మంచం కింద, మూత మీద సొట్టతో, అట్లాగే ఉన్నది. పదో రోజు తిరిగి వచ్చింది. సంచీలో వేరుసెనక్కాయలు తెచ్చింది. ఇప్పుడు తెల్లవారి కీచుమనే చప్పుడు లేదు. తెర జరిగిన చిన్న శబ్దం మాత్రమే. ఆ శబ్దానికి మేము రోజూ లేస్తున్నాము.

కడపటి మాట. మా దగ్గర రసమట్టం ఒకటి, చిల్లుల అచ్చు ఒకటి, చేతిరంపం ఒకటి ఉన్నాయి. కావలసిన సంఘ సభ్యులు ఏ ఆదివారమయినా వచ్చి తీసికొని పోవచ్చును. మొదటి రెండూ పని కాగానే తిరిగి ఇవ్వండి. రంపం మాత్రం తిరిగి ఇవ్వనక్కరలేదు.